నిచ్చెన కింద కోడలు

నిచ్చెన పట్టుకోవడం కూడా ఒక పనేనా అని నన్ను చాలామంది వెక్కిరించారు. పైన ఎక్కినవాడు రంగు వేస్తాడు, మేకు కొడతాడు, వైరు లాగుతాడు. కింద ఉన్న మనిషి ఊరికే నిలబడి కూలి తీసుకుంటుంది, అంతే కదా అని వాళ్ళ లెక్క. ఎనభైల మొదట్లో గాజువాక చుట్టుపక్కల నేను మూడేళ్ళపాటు ఆ పనే చేశాను. మా మామగారు పైన, నేను కింద. ఊరికే నిలబడటం ఎంత కష్టమో ఒకసారి నిలబడి చూస్తే ఆ వెక్కిరించినవాళ్ళకి తెలిసేది. ఆ పనిలో నేను తప్పాను. ఎలా తప్పానో ఇంతవరకు ఒక్క మనిషికే చెప్పాను. ఆయన ఇప్పుడు లేరు.

మా అత్తవారిది వ్యవసాయం. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఆ చుట్టుపక్కల ఊళ్ళు తీసుకున్నప్పుడు వాళ్ళ పొలమూ ఇల్లూ జీడిమామిడి చెట్లూ అన్నీ పోయాయి. నేను కాపురానికి వచ్చేసరికి వాళ్ళు గాజువాక అవతల కొత్తగా వేసిన కాలనీలో రేకుల ఇంట్లో ఉంటున్నారు. నా పుట్టిల్లు ఆనందపురం అవతల ఒక పల్లె. ఏడో తరగతి దాకా చదివాను. మా ఆయన పోర్టులో కాంట్రాక్టు కలాసీ. ఓడ వచ్చిందంటే రెండేసి షిఫ్టులు చేసి, ఒళ్ళంతా బొగ్గుతో ఇంటికి వచ్చేవాడు. ఫ్యాక్టరీలో ఇంటికొక ఉద్యోగం వస్తుందని ఒక కార్డు ఇచ్చారు. ఆ కార్డుని మా అత్త ఎలకలు కొట్టకుండా బియ్యం డబ్బాలో దాచింది. అది డబ్బాలోనే చాలా ఏళ్ళు ఉండిపోయింది.

మామగారికి అప్పటికి యాభై దాటాయి. నాగలి తప్ప వేరే పనిముట్టు పట్టి ఎరగని మనిషి. భూమి పోయాక కొన్నాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. తర్వాత ఒక సున్నాల మేస్త్రి దగ్గర చేరారు. ఉక్కునగరంలో క్వార్టర్లు లేస్తున్న రోజులు అవి. సెక్టారు తర్వాత సెక్టారు, మేడ తర్వాత మేడ. వాటికి సున్నాలు వేసేవాళ్ళు ఎంతమంది ఉన్నా చాలేది కాదు. తన పొలం ఏ సెక్టారు కింద పడిందో ఆయనకి తెలుసు. ఆ గోడకి సున్నం కొట్టిన రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదని మా అత్త చెప్పింది.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే మిగిలింది అర్థం కాదు.

ఆ ఇంట్లో కోడలు మామగారితో మాట్లాడదు. ఆయన ఎదురుగా కూర్చోదు, ఆయన కళ్ళలోకి చూడదు. ఆయన చూపు ఇటు తిరిగిందంటే పైట నిండుగా భుజాల మీదికి కప్పుకొని తల దించుకోవాలి. మేనరికమైతే వేరు. మేనమామే మామగారైతే చిన్నప్పట్నుంచీ వాగిన నోరు పెళ్ళయిందని ఎక్కడికి పోతుంది. నాది బయటి సంబంధం. కొత్తలో ఒకసారి, కుండలో నీళ్ళు నిండుకున్నాయని నేరుగా ఆయనతోనే అన్నాను. మా అత్త నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "మావతో మాటేటే నీకు? మీ పల్లిలో ఇదేనేటి నేర్పినారు?" అంది. అరవలేదు, కొట్టలేదు. కానీ ఆ మాటలో మా అమ్మ కూడా ఉంది, అదే నన్ను కాల్చింది. ఇంక నోరెత్తకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నాకు పంతం ఎక్కువ. మాట్లాడొద్దంటే వాళ్ళే విసుగెత్తేలా మాట్లాడకుండా ఉంటాను అనుకున్నాను. మొదట పంతంగా ఉన్నది ఏడాది తిరిగేసరికి అలవాటైపోయింది.

అలాంటి ఇంట్లోంచి నన్ను మామగారి వెంట పనికి పంపించింది మళ్ళీ మా అత్తే. మామగారి నిచ్చెన పట్టుకోవడానికి మేస్త్రి మొదట ఒకతన్ని పెట్టాడు. అతను బీడీ కాల్చుకుందామని వదిలేసి వెళ్ళిపోయాడు. నిచ్చెన జరిగింది. మామగారు కిటికీ పై చజ్జా పట్టుకొని వేలాడి, ఎలాగో దిగారు. ఆ సంగతి విని మా అత్త రెండు రోజులు సణిగింది. మూడో రోజు పొద్దున్నే నా చేతికి సద్ది గిన్నె ఇచ్చి, "నువ్వెల్లు. మనింటి మనిసి కిందుంటే నాకు దైర్నం" అంది. కోడలు కూలికి వెళితే పరువు పోదా అని మా ఆయన అడిగాడు. పొలం పోయినప్పుడు పోయిన పరువు ఇంక ఏం మిగిలిందని మా అత్త అడిగింది.

మేస్త్రిది సముద్రపు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. అన్నదమ్ములందరూ ఇంకా వేటకి వెళ్తున్నారు, ఈయన ఒక్కడే సున్నాల పనిలోకి వచ్చాడు. తాడు ముడి వేశాడంటే అది ఆయన విప్పితేనే విడిపోవాలి. నిచ్చెన గురించి నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే. మాది సరుగుడు కర్రల నిచ్చెన. నిచ్చెనకి రంగు వేయనిచ్చేవాడు కాదు. రంగు కింద పగులు కనబడదు అనేవాడు. పొద్దున్నే ఒక్కో మెట్టూ చేత్తో తట్టి, బోలుగా మోగితే ఆ నిచ్చెన పక్కన పడేసేవాడు. నిచ్చెన కాళ్ళకి బొటనవేళ్ళు ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకి చాపితే భుజం ఎత్తులో ఉన్న మెట్టు అందాలి, అందకపోతే వాలు తప్పినట్టు. చిట్టచివరి మెట్ల మీద నిలబడకూడదు. బొడ్డు ఎప్పుడూ నిచ్చెన రెండు కర్రల మధ్యనే ఉండాలి, పక్కకి దాటితే దిగి నిచ్చెన జరుపుకోవాలి తప్ప చెయ్యి సాచకూడదు. పైన ఏదైనా కొక్కెమో ఊచో దొరికితే దానికి తాడుతో కట్టాలి.

మామగారికి ఇవన్నీ కొత్త. ఆయన ఎరిగిన నిచ్చెన గడ్డిమేటుకి వేసేది. పొలంలో మట్టి మెత్తగా ఉంటుంది, మనిషి ఎక్కితే నిచ్చెన కాళ్ళు నాలుగు వేళ్ళు దిగి కూర్చుంటాయి. ఇంక ఎవరూ పట్టుకోనక్కర్లేదు. సిమెంటు గచ్చు అలా కాదు. ఎంత బరువు ఎక్కితే అంత బయటికి తోస్తుంది. అందుకని మేస్త్రి కాళ్ళ కింద గోనెసంచులు మడతపెట్టి వేయించేవాడు, వాటి మీద నా పాదం అడ్డం పెట్టించేవాడు.

మొదటి రోజు ఆయన నాకు ఇంకో మాట కూడా చెప్పాడు. "కిందున్నోలకి సేతులొక్కటే సాలవమ్మా, నోరుండాల. ఏటి కదిలినా అరిసీ. తప్పయితే తప్పవుద్ది, ముందు అరిసీ" అన్నాడు. నేను తలూపాను. మామగారు అక్కడే ఉన్నారు. ఆయన గోడ వైపు చూస్తున్నారు. మా ఇంట్లో మాటలు లేవని ఆ మేస్త్రికి మేమిద్దరం చెప్పలేదు. బయటివాళ్ళకి చెప్పుకునే సంగతి కాదనుకున్నాం.

మాటలు లేకుండా పని ఎలా సాగిందంటే, సాగింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కూడా. మామగారికి ఏదైనా కావాలంటే గోడతో చెప్పేవారు. "బాల్సీ పైకొత్తే బాగున్ను" అనేవారు గోడ వంక చూస్తూ. నేను బాల్చీ తాడుకి కట్టేదాన్ని. "ఈ సున్నం మరీ పల్సగుంది, ఎవులు కలిపీరో" అనేవారు. కలిపింది నేనే, ఇంకెవరు. ఆయనకి తెలుసు. నేను చిక్కగా కలిపి మళ్ళీ పంపేదాన్ని. నావైపు నుంచి చెప్పాల్సినవి నిచ్చెన కర్ర మీద చిన్న రాయితో కొట్టి చెప్పేదాన్ని. ఒక దెబ్బ కొడితే ఆగమని. రెండు కొడితే దిగమని. మూడు కొడితే నేను పట్టుకున్నాను, ఎక్కొచ్చని. ఎవరూ నేర్పలేదు. ఒక వారంలో మా ఇద్దరి మధ్య అలా కుదిరిపోయింది. పక్క నిచ్చెనల వాళ్ళు అరుచుకుంటూ, బూతులు తిట్టుకుంటూ పని చేస్తుంటే మా నిచ్చెన దగ్గర టక్ టక్ మని రాయి చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. మేస్త్రి కూడా అది చూసి మెచ్చుకున్నాడు. మంచి ఏర్పాటే, కాంక్రీటు కలిపే మిక్సర్ రొదలో గొంతు కంటే కర్ర దెబ్బే బాగా తెలుస్తుంది అన్నాడు.

మాకు గర్వంగా ఉండేది. నాకైతే బాగా ఉండేది. పద్ధతి తప్పకుండా పని చేస్తున్నాను, ఎవరూ వేలెత్తి చూపించడానికి లేదు అనుకునేదాన్ని. ఆ ఏర్పాటులో ఉన్న లోటు మూడేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. రాయి కొట్టాలంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి.

ఆ రోజు పని క్వార్టర్లలో కాదు. గాజువాక దగ్గర ఎవరిదో కొత్త గోడౌను. లోపల ఎత్తయిన గోడలు. గచ్చు అప్పుడే పూర్తయింది, పాలిషు పెట్టి నున్నగా చేశారు, చూస్తే నీడ కనబడుతోంది. మేస్త్రి వేరే చోట పని చూస్తున్నాడు, మధ్యాహ్నం వస్తానన్నాడు. మేం వెళ్ళేసరికి, ముందు రోజు నిచ్చెనతో పాటు దింపిన మా గోనెసంచులు కనబడలేదు. వెతికితే బయట కొత్తగా పోసిన కాంక్రీటు మీద తడిపి పరిచి ఉన్నాయి. తాపీవాళ్ళు తీసుకున్నారు. వాళ్ళకీ అవసరమే, కాంక్రీటు ఆరిపోతే పగులుతుంది. అడుగుదామంటే అక్కడ ఎవరూ లేరు.

మామగారు గచ్చుని కాలితో రుద్ది చూశారు. తర్వాత గోడ వైపు తిరిగి, "గోని లేపోతే ఏటవుద్ది, పట్టుకున్నోలు ఉన్నారు కదా" అన్నారు.

ఆ మాట నాకు ఎంత బాగుందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మూడేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. గోనె లేకుండా ఎక్కొద్దని రాయితో ఒక దెబ్బ కొట్టాల్సింది. మూడు కొట్టాను.

పొద్దుటంతా బాగానే గడిచింది. నిచ్చెన కాలికి అడ్డంగా నా పాదం, రెండు కర్రలకీ నా రెండు చేతులు. పైన కట్టడానికి ఏమీ దొరకలేదు, నున్నటి గోడ. సున్నం చుక్కలు గచ్చు మీద పడుతుంటే కాలితో తుడుస్తూ ఉన్నాను. తుడిచినకొద్దీ పలచటి పొర పరుచుకుందని అప్పుడు తెలియలేదు. ఆ గోడంతా అయిపోయి మూలన దూలం పక్కన జానెడు జాగా మిగిలింది. దిగి నిచ్చెన జరపాలి. అక్కడ ఇటుకలు పేర్చి ఉన్నాయి, జరపాలంటే ముందు వాటిని తీయాలి. అన్నం వేళ దాటిపోయింది. ఆయన దిగలేదు. పక్కకి వంగి కుంచె సాచారు. ఆయన బొడ్డు నిచ్చెన కర్ర దాటడం నేను చూశాను.

నా చేతి కింద నిచ్చెన కాలు కదిలింది. ఒక వేలి మందం.

నేను రెండు చేతులూ బిగించి ఒళ్ళంతా దాని మీదికి వేశాను. రాయి నా కాళ్ళ దగ్గరే ఉంది. తీయాలంటే చెయ్యి వదలాలి, వదిలితే నిచ్చెన పోతుంది. ఇంక నోరొక్కటే ఉంది. అరవాలని నాకు తెలుసు, అందులో ఏ అనుమానమూ లేదు. మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఏమని పిలవాలి? ఆయన్ని నేను ఎన్నడూ ఏమనీ పిలవలేదు. "మావయ్యా" అని మనసులో కూడా అనుకుని ఎరగను. ఓ అనొచ్చు, అమ్మో అనొచ్చు, ఊరికే కేక పెట్టొచ్చు. కేకకి పేరెందుకు. ఇప్పుడు ఇన్ని తోస్తున్నాయి. అప్పుడు నా నోరు మూసుకునే ఉంది, పళ్ళు కరుచుకుని ఉన్నాయి.

కాలు ఇంకొంచెం జరిగింది. పైన ఆయనకీ తెలిసినట్టుంది. కుంచె ఆగింది. ఆయన తల తిప్పి కిందికి, సరిగ్గా నా ముఖంలోకి చూశారు.

మూడేళ్ళలో మా ఇద్దరి కళ్ళూ కలిసింది అదే మొదటిసారి. పనిలో అడ్డం వస్తుందని పైట నడుములో దోపుకొని ఉన్నాను. మామగారి చూపు నా మీద పడింది. నా కుడి చెయ్యి నిచ్చెన వదిలి పైట మీదికి వెళ్ళింది. లాగి భుజం మీద కప్పుకున్నాను, తల దించుకున్నాను. నేను వెళ్ళమనలేదు ఆ చేతిని. అదే వెళ్ళింది.

తల ఎత్తేసరికి నిచ్చెన గచ్చు మీద ఉంది. ఆయన ఇటుకల మీద వెల్లకిలా పడి ఉన్నారు. సున్నం బాల్చీ దొర్లుకుంటూ వెళ్ళి తలుపు దగ్గర ఆగింది. అప్పుడు అరిచాను. బయట ఉన్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. ఆ అరుపు ఒక్క నిమిషం ముందు వచ్చి ఉంటే చాలు.

ఆయన ప్రాణం పోలేదు. నడుము విరిగింది. నడుము కింది భాగమంతా చచ్చుబడిపోయింది, ఇంక లేచి నడవరని ఆసుపత్రిలో డాక్టరు మా ఆయనకి చెప్పాడు. మంచం పక్కన మా అత్త, మా ఆయన, తలుపు దగ్గర నేను. సాయంత్రం మేస్త్రి వచ్చాడు. ఆయన ముఖం నల్లబడిపోయి ఉంది. గోనెలు లేకుండా ఎందుకు ఎక్కారని మామగారిని అడగలేదు, పడిపోయిన మనిషిని అడిగేదేముంది. నావైపు తిరిగాడు.

"అరిసేవా అమ్మా?" అన్నాడు.

నేను నేల చూస్తున్నాను. మా ఆయన నన్నే చూస్తున్నాడు, మా అత్త నన్నే చూస్తోంది. లేదు అని చెప్పాలి. ఒక్క మాట. ఆ మాట కోసం నోరు తెరిచేలోగా మంచం మీంచి మామగారి గొంతు వినబడింది.

"అరిసింది. రెండు మాట్లు అరిసింది. బయట మిక్సర్ సప్పుడుకి నాకే ఇనబళ్ళేదు."

ఆ రోజు మిక్సర్ నడవలేదు. ఆ సంగతి నాకూ ఆయనకీ తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు. మా అత్త ఊపిరి వదిలి, ఏడుస్తూనే నా తల నిమిరింది.

ఆ అబద్ధం కింద నేను పది నెలలు బతికాను. బతికాను అనడం కూడా ఎక్కువే. కాలనీలో ఆడవాళ్ళు వచ్చి, పాపం పిల్ల అరిచి అరిచి గొంతు పోగొట్టుకుందట అని జాలిపడేవారు. మామగారి ముందు గొంతెత్తాల్సి వచ్చిందని ఎంత బాధపడి ఉంటుందో అని ఒకామె అంటే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్పదు కదా అని ఇంకో ఆమె నన్ను వెనకేసుకొచ్చింది. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. మామగారి ప్రాణం కోసం కోడలు అరిస్తే తప్పు కాదని అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియలేదు. మేస్త్రి అయితే కొత్తగా పనిలో చేరిన వాళ్ళకి నా సంగతి ఎత్తి, "నోరంటే ఆ పిల్లకుండాల. అలాగ అరవాల" అని చెప్పేవాడట. ఆ మాట చెప్పింది మా ఆయనే, మురిసిపోతూ.

మా అత్త గాజువాక మార్కెట్లో ఆకుకూరలు అమ్మడానికి వెళ్ళేది. మా ఆయన పోర్టులో. పగలంతా ఇంట్లో నేనూ ఆయనా. గంజి కాచి మంచం పక్కన పెట్టేదాన్ని, ఒళ్ళు తుడవడానికి గిన్నెలో వేణ్ణీళ్ళు పెట్టేదాన్ని. ఆయన చేతులతో చేయగలిగింది చేసుకునేవారు, మిగిలింది సాయంత్రం మా అత్త వచ్చి చేసేది. వీపు మీద పుళ్ళు పడ్డాయి. ఆ వాసన ఇల్లంతా ఉండేది. ఇంత జరిగాక కూడా మేం మాట్లాడుకోలేదు. రేకుల మీద వాన పడుతుంటే, ఆయన మంచం కింద నీళ్ళు చేరుతుంటే, నేను గిన్నె పెట్టి పట్టేదాన్ని తప్ప మంచం జరపనా అని అడగలేదు. ఆయన కూడా చేత్తో గోడని తోయకపోతే జరపడం నా ఒక్కదాని వల్ల కాదు.

అలాంటి ఒక వానలో, మధ్యాహ్నం, గంజి గిన్నె కింద పెట్టి నేను అక్కడే నిలబడిపోయాను. ముందుగా అనుకున్నది కాదు. ఇంక మోయలేకపోయాను, అంతే.

"మావయ్యా" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. పైట సర్దుకోవాలని చెయ్యి లేచింది, రెండో చేత్తో పట్టుకుని ఆపాను.

"ఆ రోజు నాను అరవలేదు."

"తెల్సు" అన్నారు.

వాన చప్పుడులో ఆ మాట సరిగ్గా విన్నానో లేదో అని దగ్గరికి జరిగాను. ఆయన పైకప్పు చూస్తూ మాట్లాడారు. ఇన్నాళ్ళూ మాట్లాడని మనిషిలా లేదు, ఎప్పట్నుంచో ఆ మాటలు నోట్లో పెట్టుకుని ఉన్న మనిషిలా ఉంది.

"అరవలేదు. సెయ్యి కూడా తీసేసేవు. పైట కప్పుకున్నావు. నాను సూత్తనే ఉన్నాను కదేటి."

నేను గోడకి ఆనుకున్నాను. "మరి అరిసిందని ఎందుకు సెప్పేరు?"

"మరేటి సెప్పమంతావు? మావ ముందర నోరెత్తకూడదని మావేఁ నేర్పినాం, అది నేర్సుకుంది, అని సెప్పనా?" మాట్లాడితే ఆయాసం వచ్చేది, ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. "మీ అత్త నిన్ను పెరట్లోకి తీస్కెల్లిన రోజు నాను అరుగు మీదే ఉన్నాను. అంతా ఇన్నాను. పోన్లే, ఒగ్గీయే అని నానంటే ఒగ్గీసేది. అన్లేదు."

నేను ఏడుస్తున్నాను. ఆయన నావైపు చూడలేదు. చూస్తే మళ్ళీ నా చెయ్యి పైట మీదికి పోతుందని భయపడ్డారేమో.

"నిచ్చిన కదిలినట్టు నాకు తెలిసింది" అన్నారు. "జారతందేటని నిన్నడుగుదావని కిందికి సూసేను. నిన్ను ఏటని పిలవాల? మూడేళ్ళు నా కిందే నిలబడ్డావు, నీ పేరు కూడా నా నోట్లోకి రాలేదు. నాకూ నోరు పెగల్లేదమ్మా."

ఆయన నన్ను అమ్మా అన్నది అదే. గంజి చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి తెచ్చాను, ఆయన రెండు గుక్కలు తాగారు.

నన్ను క్షమించారని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. తప్పు నాది ఒక్కదానిదే కాదని మాత్రం చెప్పారు. దానివల్ల బరువు తగ్గుతుందని జనం అంటారు. నాకు తగ్గలేదు. అంతవరకు నా నోరు తలచుకుని ఏడ్చేదాన్ని. ఆ తర్వాత పైన నిచ్చెన మీద ఆయన, కింద నేను, ఇద్దరం ఒకే మాట కోసం వెతుక్కుంటూ ఒకరినొకరు చూసుకున్న ఆ ఒక్క క్షణం కళ్ళకి కట్టి, నిద్ర కూడా పోయింది. ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా ఆయన దిగి ఉండేవారు. సిగ్గు కాదది, మర్యాద కూడా కాదు. దానికి ఏ పేరు పెట్టినా నాకు కోపమే వస్తుంది.

ఆ తర్వాత మేం రోజూ మాట్లాడుకున్నామని రాయగలిగితే బాగుండేది. నాలుగు రోజులు కొన్ని మాటలు అనుకున్నాం. నీళ్ళు కావాలా, వద్దు. కిటికీ వేయనా, వెయ్యి. మా అత్త ఇంట్లో ఉన్నప్పుడు అవీ లేవు. అయిదో రోజు జ్వరం వచ్చింది. పుండు లోపలికి పోయిందన్నారు. ఆ వారం దాటలేదు.

మా వైపు చావింట్లో కోడళ్ళు ఏడవాలి. ముక్కు చీదుకుంటూ మూల కూర్చుంటే కుదరదు. శవం పక్కన కూర్చొని, వరసపెట్టి పిలుస్తూ, పోయిన మనిషి చేసిన మంచి చెబుతూ, పదిమందికీ వినబడేలా ఏడవాలి. బతికి ఉన్నప్పుడు పిలవకూడని పిలుపు ఆ రోజు పిలవకపోతే తప్పు. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. మా అత్త జుట్టు విరబోసుకుని ఏడుస్తున్నదల్లా నన్ను చూసి, చెయ్యి పట్టి లాగి, ఆయన తల దగ్గర కూర్చోబెట్టింది.

"ఏడుమే" అంది. "మావని పిలిసి ఏడు. నలుగురికీ ఇనబడాల."

నేను పిలిచాను. మావయ్యా, దిగండి అని పిలిచాను. నిచ్చెన జారుతోంది, దిగిపోండి అని పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. దుఃఖంలో మతిపోయి ఏదేదో అంటోందని నన్ను పట్టుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. అయినా ఆపలేదు. వీధి మొదట్లో పాడె కడుతున్న మేస్త్రి దాకా నా కేక వినబడి, ఆయన చేతిలో తాడు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. పక్కింటామె నా నోటికి నీళ్ళు అందిస్తూ ఆశ్చర్యంగా నన్ను చూసింది.

"ఇంత గొంతు ఇన్నాల్లూ ఎక్కడ దాసుకున్నావే" అంది.